కాఫీపండ్ల గుమాస్తా కన్ను

మా కొండవాలులో ఉన్న కాఫీ ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళుగా పండ్ల గుమాస్తాగా ఉన్న గాచోకికి ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే అతని ఉద్యోగమల్లా ఎర్రటి పండ్లలో పచ్చికాయ దాక్కుంటే పట్టుకోవడమే. ఈత రానివాణ్ణి పడవకి సరంగుగా పెట్టినట్టుంటుంది వినడానికి. కానీ పడవ పందొమ్మిదేళ్ళూ మునగలేదు. మునగకపోవడమే కాదు, జిల్లాలో మంచి కాఫీ మాదేనని నాలుగుసార్లు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. ఆ పత్రాలు తూకం గదిలో గోడకి వేలాడుతుంటాయి. వాటి ముందునుంచి నడవాల్సి వచ్చినప్పుడల్లా గాచోకి నేల చూపులు చూస్తూ గబగబా దాటిపోతాడు.

అక్టోబరు నుంచి పండు దిగుతుంది. పొద్దుటంతా కోసి, మధ్యాహ్నం రెండయ్యేసరికి జనం, ఎక్కువమంది ఆడవాళ్ళే, గోనెసంచులు వీపున వేసుకుని వచ్చి ఫ్యాక్టరీ ముందు పట్టాలు పరిచి కుప్పలు పోస్తారు. కాళ్ళు బారచాపుకుని కూర్చుని పచ్చివి, పుచ్చినవి, ఎండి నల్లబడ్డవి ఏరి పక్కన పడేస్తారు. అప్పుడు గాచోకి రావాలి, చూడాలి. అతను "తూకం" అంటే సంచి కాటా ఎక్కుతుంది. "మళ్ళీ" అంటే ఆ మనిషి మళ్ళీ కూర్చోవాలి. రెండుసార్లు ఏరించాక కూడా పచ్చి ఉందంటే కార్డు మీద గీత పడుతుంది. ఒకే పంటకాలంలో మూడు గీతలు పడితే కాఫీరైతుల సంఘంలోంచి పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేశాక చెట్లు ఉన్నా ఒకటే, నరికి పొయ్యిలో పెట్టుకున్నా ఒకటే. ఆ పండు తీసుకునేవాడు ఉండడు.

రాయడానికి సంఘం అతనికి రెండు పెన్నులిచ్చింది. మామూలు రాతకి పచ్చసిరా, గీతకి ఎర్రసిరా. అవి రెండూ అతనికి కవల పిల్లల్లా కనిపిస్తాయి. భార్య వవీరా ఎర్రసిరా పెన్నుకి దారం చుట్టి ఇచ్చింది. లోకంలో అతని గుట్టు తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

"పెళ్ళికి ముందు నన్ను చూడ్డానికొచ్చావే, మొహం చూసి సరేనన్నావా, బుగ్గ నొక్కి చూసి సరేనన్నావా?" అని అప్పుడప్పుడూ అడుగుతుంటుంది.

గుట్టు ఎందుకయిందంటే, రెండో తరగతిలో నలుపు, ఎరుపు, పచ్చ పట్టీలుండే మా దేశం జెండా బొమ్మకి రంగులెయ్యమన్నారు. గాచోకి నలుపు సరిగ్గానే వేశాడు. మిగిలిన రెండు పట్టీలూ తారుమారు చేశాడు. దేశాన్ని వెక్కిరిస్తున్నాడనుకుని మాస్టారు పిర్రల మీద ఆరు తగిలించారు. ఆ ఆరింటితో గాచోకికి ఒక జ్ఞానం కలిగింది. తెలియదని చెప్పకూడదు, ముందు ఎదుటివాళ్ళ మొహం చూడాలి, ఆ తర్వాత నోరు తెరవాలి.

ఆ జ్ఞానంతోనే ఉద్యోగం సాగింది. మొదట బొటనవేలు. పండిన కాఫీపండు నొక్కితే మెత్తగా లొంగుతుంది, పచ్చిది రాయిలా ఉంటుంది. బొటనవేలు నిజాయితీ గలది, దాని మీద ఎవరూ నింద వెయ్యలేరు. కానీ రెండు సంచుల కుప్పలో ఎన్ని నొక్కగలడు? అందుకని మొహాలు. చేతులు వెనక్కి కట్టుకుని కుప్ప చుట్టూ నెమ్మదిగా తిరుగుతాడు. ఏమీ మాట్లాడడు. ఒకసారి "ఊఁ" అంటాడు. పట్టా మీద కూర్చున్న మనిషి చెయ్యి ఎటు పోతుందో, కళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో చూస్తాడు. పచ్చి కలిపినవాళ్ళకి ఆ మౌనం చాలు, తమంతట తామే వంగి నాలుగు కాయలు తీసేస్తారు. మొహం బెదురుగా ఉంటే "మళ్ళీ". ధీమాగా ఉంటే "తూకం". జనం అతనికి రీతో అని పేరు పెట్టారు, మా మాటల్లో రీతో అంటే కన్ను. ఆ పేరుతో ఎవరైనా పిలిచినప్పుడల్లా గాచోకి లోపల్లోపల తనకి తనే ఒక మొట్టికాయ వేసుకుంటాడు.

ఈ పద్ధతిలో అందరికంటే సుఖంగా గడిచిపోయేది సంఘం చైర్మన్ మురీథికి. ఆయన కుప్ప పక్కన నిలబడి పళ్ళలో పుల్ల పెట్టుకుని ఆకాశం చూస్తుంటాడు. అంత నిబ్బరమైన మొహం కొండ మొత్తానికి ఇంకొకటి లేదు. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి "మళ్ళీ" అనిపించుకోలేదు. చుట్టుపక్కల వాళ్ళకి ఆ కుప్పలో పచ్చికాయలు కనపడకపోలేదు, చైర్మన్ గనక గాచోకి చూసీ చూడనట్టు పోతున్నాడని సర్దుకున్నారు.

అందరికంటే కష్టపడేది వాంగిథి. అత్తగారు ఇచ్చిన నూట ఇరవై చెట్లతో పదకొండేళ్ళ క్రితం సంఘంలో చేరింది. గాచోకి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మెడ భుజాల్లోకి దిగిపోతుంది. వేళ్ళు నడుముకి చుట్టుకున్న లెసోగుడ్డ అంచుని నలుపుతుంటాయి. కళ్ళు కుప్ప మీద నిలవవు, గాచోకి బూట్ల మీద నిలవవు, ఎక్కడా నిలవవు. ఇన్ని లక్షణాలున్న మొహాన్ని గాచోకి ఎలా వదులుతాడు? రోజూ "మళ్ళీ". కొన్నిరోజులు రెండుసార్లు "మళ్ళీ". పక్కవాళ్ళు తొంగిచూస్తే ఆ కుప్పలో వాళ్ళకి పచ్చికాయ కనిపించేది కాదు. అయినా మనకి కనపడనిది రీతోకి కనపడుతుంది కదా అనుకుని ఊరుకునేవాళ్ళు. చివరికి వాంగిథికే తన కళ్ళ మీద అనుమానం వచ్చి, టౌనుకి పోయి పరీక్ష చేయించుకుని, డాక్టరు అక్కర్లేదన్నా వినకుండా కళ్ళజోడు కొనుక్కుంది. కళ్ళజోడు పెట్టుకుని వచ్చిన రోజు కూడా గాచోకి "మళ్ళీ" అన్నాడు.

ఈ ఏడు ఆవిడ కార్డు మీద అప్పటికే రెండు గీతలున్నాయి. నవంబరులో ఒక సోమవారం మూడోది కూడా పడింది. గాచోకి దారం చుట్టిన పెన్ను తీసి గీస్తుంటే వాంగిథి ఒక్క మాట అంది.

"ఏది పచ్చిదో ఒక్కటి చూపించు గాచోకి."

అతను కుప్పలోకి చెయ్యి పెట్టి, కొంచెం గట్టిగా తగిలినదొకటి తీసి, చూపించకుండానే దూరంగా విసిరేశాడు. "ఇలాంటివి ఎన్ని చూపించమంటావ్?" అన్నాడు. అలా అన్నందుకు తర్వాత అతను చాలా రోజులు సిగ్గుపడ్డాడు గానీ, ఆ క్షణంలో మాత్రం దర్జాగానే అన్నాడు. గురువారం సభ్యుల సమావేశం. అక్కడ పేరు కొట్టేయడం ఒక్కటే మిగిలింది.

అదే సోమవారం నాలుగింటికి మిచెరె అతన్ని పట్టుకుంది. మిచెరె ఈ పంటకే కొత్తగా వచ్చిన ఉద్యోగిని. కాఫీ కొనే కంపెనీవాళ్ళు ప్రతి కుప్పకీ ఫొటో కావాలన్నారట, గాచోకి చూడబోయే ముందు ఆ అమ్మాయి ప్రతిదాన్నీ ఫోనులో తీసి దాస్తుంది. ఆవిడ తూకం గదిలో బల్ల మీద ఫోను పెట్టి, "పెద్దయ్యా, కంపెనీవాళ్ళకి నమూనా పంపాలి. ఈ ఫొటోలో పచ్చివాటి చుట్టూ వేలితో సున్నాలు చుట్టు. నీకంటే బాగా ఎవరికి తెలుస్తాయి" అంది.

గాచోకికి నోట్లో వెలక్కాయ పడింది. ఫొటోని నొక్కి చూడలేడు. మొహం చూద్దామంటే మిచెరె కిటికీలోంచి బయటికి చూస్తోంది. దేవుడా అనుకుని బాగా మెరుస్తున్నవాటి చుట్టూ పదిహేను సున్నాలు చుట్టాడు.

మిచెరె ఫోను తీసుకుని చాలాసేపు చూసింది. నవ్వలేదు. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"ఎప్పట్నించీ?" అంది.

"ఏది?"

"మా అన్నయ్యకీ ఇంతే పెద్దయ్యా. పండిన టమాటాలు తెమ్మంటే పచ్చివి తెచ్చి, ఎర్రగా లేవా అని మాతో పోట్లాడతాడు. నువ్వు సున్నాలు చుట్టినవన్నీ పండినవే. పచ్చివాటిలో ఒక్కటీ తగల్లేదు."

పందొమ్మిదేళ్ళు దాచినది పదిహేను సున్నాలతో బయటపడింది. "అమ్మా, ఎవరికీ చెప్పకు" అన్నాడు. తన గొంతు తనకే మేకపిల్ల గొంతులా వినిపించింది.

"చెప్పడం తర్వాత. ముందు నీకు చూపిస్తా."

ఫోనులో ఏదో తెరిచి చుక్కల బొమ్మలు చూపించి, చుక్కల్లో ఏ అంకె కనపడుతోందని అడిగింది. ఏ అంకే కనపడలేదు. ఒకదాంట్లో మాత్రం కోడి కనపడిందన్నాడు. దాంట్లో కోడి లేదట. తర్వాత ఒక మీట జరపడం మొదలుపెట్టింది. మొదటిసారి జరిపితే బొమ్మంతా వంకాయరంగు తిరిగింది. "ఇది నీ రకం కాదు. పచ్చ కంటికి ఆననివాళ్ళు వేరు, ఎరుపు ఆననివాళ్ళు వేరు. నీకు ఎరుపు మసక" అని ఇంకోటి నొక్కింది. మళ్ళీ కొంచెం ఇటు, కొంచెం అటు జరిపింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఫొటోలో ప్రతి చుక్కా ఎరుపు, పచ్చ, నీలం కలిపి చేసిందే పెద్దయ్యా. ఎరుపుకీ పచ్చకీ మధ్య నీ కంటికి జారిపోయే తేడా ఎంతో ఇది లెక్కేస్తుంది. ఆ తేడాని తీసుకెళ్ళి నీకు బాగా కనపడే నీలంలో కలుపుతుంది. నీ కన్నేం బాగుపడదు. ఫొటో చేత అబద్ధం చెప్పించి నీకు నిజం చెప్తున్నానన్నమాట. ఇప్పుడు చూడు."

గాచోకి చూశాడు. పుట్టాక మొదటిసారి కాఫీకుప్పలో రెండు రకాలు కనపడ్డాయి. పండినవన్నీ ముదురు తేనెలా ఉన్నాయి. మధ్యమధ్య నీలంగా, గ్యాసుపొయ్యి మంటలా, కొట్టొచ్చినట్టుగా ఏవో ఉన్నాయి.

"ఈ నీలంవేంటి?"

"అవే పచ్చికాయలు."

"ఇవి రోజూ ఇలాగే కనపడతాయా మీ అందరికీ? ఇంత తేలిగ్గానా?"

"ఇంత తేలిగ్గానే."

అతనికి ముందు ఆనందం వేసింది. తర్వాత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఇంత తేలికైన పనికి పందొమ్మిదేళ్ళుగా చేతులు వెనక్కి కట్టుకుని ఋషిలా తిరిగాడన్నమాట. ఆ సంగతి తలుచుకుంటే నవ్వూ వచ్చింది.

"ఇది ఎవరి కుప్ప?" అన్నాడు.

"చైర్మన్‌గారిది. ఇవాళ్టిదే. నువ్వు తూకం అన్నావు."

నీలాలు లెక్కపెట్టబోయి నలభై దగ్గర ఆపేశాడు. అడగాలా వద్దా అని అనుకుంటూనే అడిగాడు. "వాంగిథిది ఉందా?"

మిచెరె వెతికి తెచ్చింది. గీత పడిన మూడు రోజులవీ, మూడు కుప్పలవీ తెరిచి ఒక్కొక్కటే మీట జరిపింది. మూడూ అంచునుంచి అంచుకి తేనెరంగే. మొదటి ఫొటోలో ఒకచోట నీలంగా ఏదో ఉంటే గాచోకికి ప్రాణం లేచి వచ్చింది, వేలు పెట్టి చూపించాడు. మిచెరె పెద్దది చేసింది. అది వాంగిథి లెసోగుడ్డ అంచు.

ఆ రాత్రి గాచోకి గిథేరి పళ్ళెం ముందు పెట్టుకుని మొక్కజొన్న గింజలు ఒకవైపుకీ చిక్కుళ్ళు ఒకవైపుకీ జరుపుతూ కూర్చున్నాడు. వవీరాకి అంతా చెప్పాడు. మిచెరె తన ఫోనులో కూడా ఆ మీట పెట్టి ఇచ్చిందని చూపించాడు. చూపిస్తూ చూపిస్తూ, చర్చికి పదకొండేళ్ళుగా తొడుక్కెళ్తున్న తన గోధుమరంగు స్వెట్టరుని ఫొటో తీశాడు. అది నీలంగా వచ్చింది.

"ఇది పచ్చదా?"

"ఆకుపచ్చది. చెప్తే తొడుక్కోవని చెప్పలేదు. నీకు బాగుంటుంది" అంది వవీరా. తర్వాత పళ్ళెం తీసేస్తూ, "ఇప్పుడేం చేస్తావ్?" అంది.

"రేపట్నించీ ఈ ఫోనుతో చూస్తా. ఇక ఎవరికీ అన్యాయం జరగదు."

"రేపటి మాట కాదు. ఆవిడ కార్డు మీద గీతలు?"

గాచోకి ఫోను బోర్లించి పెట్టాడు. ఆ గీతలు కొట్టెయ్యాలంటే తప్పు గీశానని చెప్పాలి. తప్పెందుకు గీశావంటే కనపడలేదని చెప్పాలి. కనపడనివాడివి పందొమ్మిదేళ్ళు ఏం చేశావంటే చెప్పడానికి ఏమీ లేదు. ఉద్యోగం పోతుంది, పేరు పోతుంది, సంతలో టమాటాలమ్మే వాళ్ళు కూడా ఏడిపిస్తారు. అలాగని ఊరుకుంటే గురువారం వాంగిథి నూట ఇరవై చెట్లూ పోతాయి. మధ్యలో ఒక దారి ఉందేమోనని రెండు రోజులు వెతికాడు. పిరికివాడికి మధ్యలో దారి ఎప్పుడూ ఒకటి దొరుకుతుంది. అతనికీ దొరికింది.

గురువారం తూకాలయ్యాక జనం గోనెసంచుల మీదా బల్లల మీదా కూర్చున్నారు. పాలు కలిపిన టీ కెటిళ్ళలో తిరుగుతోంది. చైర్మన్ మురీథి కాగితం చదివాడు. ఆరువందల పద్నాలుగో నంబరు, వాంగిథి, పచ్చికాయ కలపడం, మూడుసార్లు. "రూలు ప్రకారం పేరు తీసెయ్యాలి. మన రీతో ఒక మాట చెప్తే కానిచ్చేద్దాం."

గాచోకి లేచాడు. "ఆవిడ కష్టపడే మనిషి. ఈసారికి దయతలచి వదిలేద్దామని నా మనవి" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఒకావిడ "ఎంత కఠినంగా ఉంటాడో అంత మెత్తని మనసు" అని పక్కావిడతో పైకే అంది. చైర్మన్ కూడా తల ఊపి, సరే క్షమించేద్దాం అన్నాడు. పని ఇంత సులువుగా అయిపోయినందుకు గాచోకి కుర్చీలోకి జారబోతుండగా వాంగిథి లేచి నిలబడింది. వేళ్ళు లెసోగుడ్డని నలుపుతూనే ఉన్నాయి. మాట మాత్రం ఆగలేదు.

"నన్ను క్షమించమని ఎవరడిగారు? నేను పచ్చి కలిపితే పేరు కొట్టెయ్యండి. కలపకపోతే గీతలు కొట్టెయ్యండి. దయ నేనేం చేసుకుంటాను, దాన్ని కాటా మీద పెడతారా?"

"ఇదిగో వాంగిథీ, మంచికి పోతే ఇలా మాట్లాడతావా? అయితే రూలే రూలు" అన్నాడు చైర్మన్, పెన్ను మూత తీస్తూ.

గాచోకి మళ్ళీ లేచాడు. మధ్యలో దారి అక్కడితో అయిపోయింది.

"ఆవిడ కలపలేదు. గీతలు నేను తప్పు గీశాను. నాకు ఎరుపూ పచ్చా తెలీదు. చిన్నప్పట్నించీ తెలీదు."

వాన పడ్డట్టు నవ్వులు. ఎవరికో టీ పొలమారింది. "రీతోకి కనపడదట" అని వెనకవాళ్ళకి ముందువాళ్ళు చెప్పారు. వెనకవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. చైర్మన్ కళ్ళు తుడుచుకుని, "ఆడమనిషిని కాపాడ్డానికి ఇంత అబద్ధమాడాలా నాయనా? ఆ గోడ మీద పత్రాలు గుడ్డివాడికిచ్చారా?" అన్నాడు.

మిచెరె ఫోను పట్టుకుని లేచి ఫొటోలు ఉన్నాయంది. మీట ఎలా జరుగుతుందో చెప్పబోయింది.

"రంగులు మార్చిన ఫొటో తెచ్చి రంగు గురించి సాక్ష్యమా?" అన్నాడు చైర్మన్.

"మార్చనివి కూడా ఉన్నాయి. అన్నీ ఎర్రగానే ఉన్నాయి, మీరే చూడండి."

"కుప్ప పైన ఎర్రగా ఉంటే అడుగున ఉండేది కెమెరాకేం తెలుసు? మా రీతో ముందు నీ కెమెరా ఎంతమ్మా?" జనం అవునవునన్నారు. అందరూ తన తరఫునే మాట్లాడుతుంటే గాచోకికి ఏడుపొచ్చినంత పనయింది.

"పరీక్ష పెట్టండి" అన్నాడు.

పెట్టారు. చైర్మన్ పక్కనున్న కుప్పలోంచి ఒక పండు పైకెత్తి, ఏమిటిదన్నాడు. ముందు వరసలో ఒకావిడ మూతి ఒకలా బిగించింది. "పచ్చిది" అంది గాచోకి నోరు, అతన్ని అడక్కుండానే. సరిపోయింది. ఇంకోటి ఎత్తారు. జనం కళ్ళు చల్లగా ఉన్నాయి. "పండింది." అదీ సరిపోయింది. ఇలాక్కాదని తర్వాత ఎత్తిన నాలుగు పండ్లకీ పట్టుబట్టి, తోచినదానికి సరిగ్గా ఎదురు చెప్పాడు. నాలుగూ తప్పయ్యాయి.

చైర్మన్ తొడ చరిచాడు. "చూశారా? నిజంగా తెలియనివాడైతే నాలుగింట్లో రెండైనా గుడ్డిగా తగులుతాయి. నాలుగుకి నాలుగూ తప్పు చెప్పాలంటే ఎంత బాగా కనపడాలి."

జనం మళ్ళీ నవ్వారు. నిజం చెప్పడం కూడా సరిగ్గా చేతకాని మనిషి, అనుకున్నాడు గాచోకి తన గురించి. పందొమ్మిదేళ్ళు అబద్ధం ఎంత బాగా ఆడాడో, నిజం అంత అధ్వానంగా చెబుతున్నాడు.

వాంగిథి మాత్రం నవ్వలేదు. అతన్నే, అతని కళ్ళు ఎటు పోతున్నాయో చూస్తోంది. బహుశా ఆవిడ అతన్ని తిన్నగా చూడడం అదే మొదలు. టీకెటిల్ కింద ఉన్న రేకుపళ్ళెం లాగి, కుప్పలోంచి ఒక గుప్పెడూ ఏరి పడేసిన పచ్చివాటిలోంచి ఒక గుప్పెడూ తీసి అందులో కలిపి పోసి, గాచోకి ముందు నేల మీద పెట్టింది. ఒక కాఫీపుల్ల అతని చేతిలో పెట్టింది.

"అందరూ అటు తిరగండి" అంది జనంతో. "చైర్మన్‌గారూ, మీరు కూడా."

"ఎందుకు?"

"తిరగండి చెప్తాను."

అంత పిరికి మనిషి అంత గట్టిగా చెప్పేసరికి జనం తిరిగారు. బల్లలు కిర్రుమన్నాయి. రెండువందల వీపులు గాచోకి వైపుకి వచ్చాయి. వాంగిథి కూడా తల పక్కకి తిప్పుకుంది.

"చేత్తో ముట్టుకోవద్దు. పుల్లతో పచ్చివి ఇటు, పండినవి అటు జరుపు."

గాచోకి వంగాడు. పళ్ళెంలో అన్నీ ఒకే తవుడురంగులో ఉన్నాయి. చుట్టూ చూశాడు. ఎక్కడా ఒక్క మొహం లేదు. తన కంటితో తను ఒంటరిగా మిగలడం అతనికి రెండో తరగతి తర్వాత అదే మొదటిసారి. పుల్ల అటూ ఇటూ జరిపాడు. ఒకసారి జరిపినదాన్నే మళ్ళీ ఇటు జరిపాడు. అయిందన్నాడు.

జనం తిరిగి చూశారు. పళ్ళెంలో రెండు కుప్పలూ కలగాపులగంగా ఉన్నాయి. చిన్నపిల్లలైనా అలా జరపరు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో మూతి బిగించిన ఆవిడ మెల్లగా, "అయితే నాకు పోయినేడు గీత పెట్టి..." అని ఆగిపోయింది. ఇంకెవరో ఏదో గొణిగారు. ఎవరికి వాళ్ళు తమ "మళ్ళీ"లు లెక్కపెట్టుకుంటున్నట్టున్నారు. చైర్మన్ పళ్ళలో పుల్ల తీసి జేబులో పెట్టుకున్నాడు. తన కుప్పలు అన్నేళ్ళు ఎలా తూకమయ్యాయో జనానికి గుర్తొచ్చేలోపు సమావేశం ముగిస్తే మేలనుకున్నాడో ఏమో, గబగబా మూడు గీతల మీదా అడ్డగీత కొట్టి సంతకం పెట్టాడు. రేపట్నించీ కుప్పలు మిచెరె చూస్తుందన్నాడు. గాచోకి ఆరుబయట బల్లల మీద ఎండే గింజల్ని కలియతిప్పే పనికి పోవాలన్నాడు. ఆ పనికి రంగు తెలియక్కర్లేదు.

గాచోకికి ఒళ్ళు తేలికపడినట్టయింది. పరువు పోతే ఇలా ఉంటుందా, ఇంతేనా అనుకున్నాడు. రేపు సంతలో ఏడిపిస్తారు, ఎల్లుండి మరిచిపోతారు. మొత్తానికి మంచిపని చేశానని లోపల ఒక మూల చిన్న గర్వం కూడా తలెత్తింది. జనం కదిలిపోతున్నారు. అతను వాంగిథి దగ్గరికి వెళ్ళాడు, క్షమించమని అడగడానికి.

ఆవిడ కార్డు లెసోగుడ్డలో ముడివేసుకుంటోంది. అతను నోరు తెరవకముందే అడిగింది.

"పదకొండేళ్ళు నా కుప్ప చుట్టూ తిరిగావు కదా. నా పండు ఒక్కరోజైనా చూశావా?"

"లేదు."

"మరి ఏం చూసేవాడివి?"

చెప్పకపోతే బాగుండేది. కానీ ఆ రోజు నిజం చెప్పడం అలవాటైపోయింది.

"నీ మొహం. బెదురుగా ఉండేది. ఏదో దాస్తున్న మనిషిలా. అందుకని..."

వాంగిథి ముడి బిగించుకుంది. ఖాళీ సంచి దులిపి భుజాన వేసుకుంది. ఆవిడ గొంతులో కోపం లేదు, ఎప్పటిదో ఒక సంగతి గుర్తుచేసుకుంటున్నట్టు అంది.

"చేరిన మొదటేడు నా మొహం ఇలా ఉండేది కాదు గాచోకి."

అని వెళ్ళిపోయింది. గాచోకి తూకం గది మెట్టు మీద కూర్చుని, పదకొండేళ్ళ కిందట మొదటి సంచి తెచ్చి పోసిన వాంగిథి ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయాడు. ఆ రోజు ఆమె చెట్ల గురించి ఏదో చెప్పింది, నవ్విందని కూడా అనుకున్నాడు. ఎంత ప్రయత్నించినా ఆ మొహం గుర్తుకు రాలేదు.